ఎముకలు కోల్‌కతాలో, ఆనవాళ్లు ప్రాణహిత ఒడ్డున

జనగామ చుట్టుపక్కల గుట్టల్లో డైనోసార్ కోసం వెతకడం దండగ. ఆ గ్రానైటు భూగర్భంలో మరిగిన ముద్ద చల్లారి గట్టిపడ్డ రాయి. వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. అప్పటికి నేల మీద నడిచే ప్రాణే లేదు. మహబూబాబాద్ జిల్లా బయ్యారం ఇనుప రాయి కూడా డైనోసార్ల కంటే పాతదే. భూపాలపల్లి దగ్గర నేల తీరు మారుతుంది. సింగరేణి తవ్వే బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పూర్వపు అడవుల మిగులు. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే మహారాష్ట్రలో ప్రాణహిత ఒడ్డునున్న సిరోంచ. తెలుగు వినిపించే ఆ తాలూకాలో నదులు పరిచిన ఇసుక, బురద రాయిగా మారిన ఇంకా కొత్త పొరలున్నాయి. కోట అనే ఊరి పేరుతో పిలిచే ఈ పొరల్లోనే డైనోసార్లు బయటపడ్డాయి.

1960-61లో కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు ఇక్కడ మూడు వందల దాకా ఎముకలు తవ్వి తీశారు. ఒక్క తొడ ఎముకే 1.7 మీటర్లు. రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి రోజుల్లో దొరికిన ఈ జంతువుకు 1975లో బారపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. పళ్లు దొరికాయి గానీ పుర్రె దొరకలేదు. అస్థిపంజరం ఇప్పుడు కోల్‌కతాలో ఉంది. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. మరి అన్నీ మ్యూజియాలకు చేరాక ఆ మారుమూలకు పోయి చూసేదేముంది? ఈ ప్రశ్న సబబే. ఎముకలను ఎండావానలకు, దొంగలకు వదిలేయమని ఎవరూ అనరు. అయితే అస్థిపంజరం జంతువు ఎంత పెద్దదో చెబుతుంది, ఎలా చచ్చిందో చెప్పదు. కనీసం ఆరు జంతువుల ఎముకలు పెద్ద పెద్ద చెట్ల మొద్దులతో కలగలిసి పడి ఉండబట్టే, మందను వరద ముంచి ఉంటుందని పరిశోధకులు ఊహించగలిగారు. ఆ సాక్ష్యం ఎముకలో లేదు, అది పడి ఉన్న తీరులో ఉంది. అందుకే ఒడ్డున దొరికిన రాయిని గుర్తుగా జేబులో వేసుకుంటే చరిత్రలో ఒక వాక్యం చెరిపేసినట్టే.

ఉన్న చోటే సాక్ష్యమన్న మాట భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలోని పాండవుల గుట్టకూ వర్తిస్తుంది. అక్కడి ఇసుకరాయి గోడల మీద ఆదిమానవులు ఎరుపు, పసుపు, తెలుపు, ఆకుపచ్చ రంగుల్లో జంతువులను, విల్లంబులను గీశారు. అయితే వాటిలో డైనోసార్ల కోసం వెతకొద్దు. అవి అంతరించిన ఆరున్నర కోట్ల ఏళ్లకు గానీ ఆ మనుషులు రాలేదు. డైనోసార్ల అడుగుజాడల కోసమూ ఇక్కడ వెతకొద్దు. టెక్సాస్‌లోని పెలక్సీ నదిలో నీళ్లు తగ్గినప్పుడు డైనోసార్ల పాదముద్రలు కనిపిస్తాయి. మన దగ్గర పేరు ఎముకలది. లేని జాడలు చూపించి జనాన్ని రప్పించాల్సిన పని లేదు.

కాళేశ్వరానికి వచ్చేది భక్తులు, వాళ్లకు రాళ్లతో పనేమిటనే వాదన కూడా ఉంది. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు చూడటానికి అంత దూరం వచ్చిన మనిషికి, ఎదుటి ఒడ్డు కథ చెబితే విననంటాడా? సిరోంచ వైపు వడధంలో శిలాజాల పార్కు ఉండనే ఉంది. ఇవతల పుష్కర ఘాట్ దగ్గర తెలుగులో ఒక బోర్డు, తొడ ఎముక నిలువెత్తు నమూనా పెట్టినా చాలు. ఎముకలు ఎక్కడున్నా, అవి దొరికిన చోటు విలువ తెలిస్తేనే దాన్ని ఎవరైనా కాపాడుకుంటారు.