గోడమీద చెడిన చిత్రం - గుడ్డమీద నిలిచిన నకలు

క్రైస్తవుల ఇండ్లలో భోజనాల గది గోడమీద తరచుగా కనిపించే చిత్రం ఒకటి ఉన్నది. పొడవైన బల్లవెనుక యేసుక్రీస్తు నడుమ కూర్చుండగా, ఆయనకు ఇరుప్రక్కల పన్నెండుమంది శిష్యులు ముగ్గురేసి గుంపులుగా కలవరపడుతూ ఉంటారు. తమలో ఒకడు తనను శత్రువులకు పట్టియిస్తాడని ఆయన చెప్పిన క్షణం అది. ఈ కడరాత్రి భోజన చిత్రానికి మూలం ఇటలీదేశపు మిలాన్ నగరంలో, సాంతా మరియా దెల్లె గ్రాత్సియే మఠపు భోజనశాల గోడమీద ఉన్నది. లియొనార్డో డా వించి దానిని సుమారు 1495-1498 సంవత్సరాల నడుమ చిత్రించినాడు. దాని ఎత్తు 460 సెంటీమీటర్లు, వెడల్పు 880 సెంటీమీటర్లు.

ఆ మూలం చిత్రకారుని జీవితకాలంలోనే చెడనారంభించినది. సుమారు 1520లో గుడ్డమీద నూనెరంగులతో వేసిన నకలు ఒకటి మాత్రం నేటికీ స్పష్టంగా ఉన్నది. గురువు చేతిపని శిథిలమై, శిష్యుని నకలు నిలవడానికి కారణం ఏమి? దీనికి జవాబు రంగుల రసాయనంలో ఉన్నది.

సున్నం చేసే పని

గోడమీద చిత్రాలు వేయడానికి ఆనాటి ఇటలీలో వాడుకలో ఉన్న పద్ధతి, తడి ఆరని సున్నపు పూతమీద నీటితో కలిపిన రంగులు పూయడం. తడిసున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని సున్నపురాయిగా మారుతుంది. ఆ మార్పులో రంగుపొడి రాతిలో ఇమిడిపోతుంది. అందుచేత రంగును పట్టి ఉంచడానికి వేరే జిగురు అక్కరలేదు. కాని ఇందులో చిక్కు ఒకటి కలదు. ఏ రోజు పూసిన పూతమీద ఆ రోజే, అది ఆరకముందే, పని ముగించవలెను. తర్వాత దిద్దుబాట్లకు వీలు తక్కువ.

లియొనార్డో నిదానంగా, ఆలోచించి, మార్చి మార్చి పనిచేసేవాడు. కావున ఆయన ఆరిన గోడమీద తెల్లని పూత వేసి, దానిపై జిగురు, నూనె కలిసిన రంగులతో చిత్రించినాడు. రంగు గోడలో ఇమడలేదు, పైపొరగా మాత్రమే నిలిచినది. గోడలోని చెమ్మ వెలుపలికి వచ్చినప్పుడల్లా ఆ పొర పట్టువిడిచి పెచ్చులుగా రాలసాగినది. 1517 నాటికే చిత్రం చెడిపోతున్నదని చూచినవారు వ్రాసినారు.

నూనె ఎట్లా ఆరుతుంది?

నూనెరంగు అనగా అవిసెనూనెతో నూరిన రంగుపొడి. నీళ్లు ఆరడం వేరు, నూనె ఆరడం వేరు. నీరు ఆవిరియై పోతుంది. అవిసెనూనె పోదు. గాలిలోని ఆమ్లజనిని పీల్చుకొని దాని అణువులు ఒకదానితో ఒకటి కలిసి వలవలె అల్లుకుంటాయి. అందుచేత ఆరేటప్పుడు నూనె బరువు మొదట కొంత పెరుగుతుంది కూడ! వేరుశనగనూనెను పలకమీద పూసి ఎన్నాళ్లు ఉంచినా అది గట్టిపొరగా మారదు. ఏలనగా అట్లా అల్లుకొనే గుణం గల ఆమ్లాలు అవిసెనూనెలో ఉన్నంతగా అందులో లేవు.

ఆరిన నూనెపొర రంగుపొడిని గట్టిగా పట్టి ఉంచుతుంది. క్రింద సాగదీసి బిగించిన గుడ్డను జిగురుతో, తెల్లని పూతతో సిద్ధపరచడం వలన రంగుకు చక్కని ఆధారం దొరుకుతుంది. అన్నింటికి మించి, గుడ్డ గోడకు అంటుకొని ఉండదు, గోడ చెమ్మగిల్లితే దానిని తీసి వేరుచోట పెట్టవచ్చు. గోడచిత్రానికి ఆ భాగ్యం లేదు.

నకలు చెప్పిన సాక్ష్యం

1652లో ఆ భోజనశాల గోడకు ద్వారం తీయగా, బల్లక్రింద కనిపించే క్రీస్తు పాదాల భాగం నశించినది. లియొనార్డో శిష్యుడైన జాంపీత్రీనో వేసినదని భావించే పై నకలులో ఆ పాదాలు ఉన్నాయి. మూలంలో పోల్చుకోవడం కష్టమైన మరొక వివరం, ఇస్కరియోతు యూదా చేయి తగిలి ఒరిగిన ఉప్పుగిన్నె. అదీ ఇందులో కనిపిస్తుంది. ఈ నకలును లండన్ రాయల్ అకాడమీ 1821లో కొన్నది. 1978 నుండి 1999 వరకు మిలాన్‌లో మూలచిత్రాన్ని శుభ్రపరచి బాగుచేసినప్పుడు నిపుణులకు ఇటువంటి ప్రాచీన నకళ్లు ఆధారమైనాయి. అయితే దీని పైభాగం ఏనాడో కోయబడినది. అందుచేత ఒక్క నకలునే నమ్మక, బెల్జియంలోని టొంగర్లో మఠంలో ఉన్నటువంటి ఇతర నకళ్లతో పోల్చిచూడవలసి ఉంటుంది.

ఇంటికి నకలు కోరేవారికి

నేడు కూడ ఈ చిత్రానికి చేతితో నూనెరంగుల నకళ్లు వేసేవారున్నారు. వేయించుకొనేవారు మొదట కొలత చూడవలెను. మూలంలో వెడల్పు ఎత్తుకు దాదాపు 1.9 రెట్లు. 60 సెంటీమీటర్ల ఎత్తు కావలెనంటే వెడల్పు 115 సెంటీమీటర్లు ఉండవలెను. 90కే సరిపెట్టితే ప్రక్కల శిష్యులు తెగిపోతారు, లేదా అందరూ సన్నగా సాగిపోతారు. బల్లక్రింద మధ్యలో క్రీస్తు పాదాలు ఉంటే, ఆ వివరం పాత నకళ్లనుండి వచ్చినదని గ్రహించవచ్చు. ద్వారపు కమాను కనిపిస్తే అది గోడ నేటి స్థితిని చూపుతుంది.

అచ్చువేసిన గుడ్డను చేతిపనిగా అమ్మడం కూడ కద్దు. భూతద్దంతో చూస్తే అచ్చులో రంగు సన్నని చుక్కలుగా విడిపోతుంది. ప్రక్కనుండి దీపం చూపితే చేతిపనిలో కుంచెజాడలు గీతల వెంట, ముడుతల వెంట సాగుతాయి. అచ్చుమీద జిగురు పూసి కల్పించిన జాడలు బొమ్మతో పొత్తు లేక అడ్డదిడ్డంగా పోతాయి.

పైకి ఆరినట్లు కనిపించినా లోపలిపొరలు ఆరడానికి నెలలు పడుతుంది. తొందరపడి వార్నిషు పూయడం మంచిది కాదు. ఎండ తగిలేచోట, చెమ్మగిల్లే గోడపై, కొవ్వొత్తుల పొగ చేరేచోట చిత్రాన్ని తగిలించరాదు. చట్రం వెనుక కొంచెం గాలి ఆడేటట్లు ఎడమ ఉంచి, తడిగుడ్డతో కాక మెత్తని పొడికుంచెతో దుమ్ము దులపవలెను. మహాచిత్రకారుని పనినే పెచ్చులూడ్చిన చెమ్మ, ఇంటిగోడమీది నకలును విడిచిపెట్టదు.