గోదావరి పోసిన దీవి

కాకినాడ తీరంలో బోటు తీసే సరంగు ముందుగా పోటు వేళ చూసుకుంటాడు. ఇక్కడ రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఇవాళ పోటు వచ్చిన వేళకు రేపు రాదు, ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. పోటు మీద బయలుదేరితే కోరంగి మడ అడవిలోని సన్నటి పాయల్లోకీ హాయిగా వెళ్లి రావచ్చు. నీరు తీశాక వెళితే బోటు బురదలో దిగబడుతుంది. మళ్లీ నీరెక్కేదాకా కూర్చోవాల్సిందే.

అందుకే రోజంతా నీటి మీద గడపాలనుకునేవారు పొద్దున్నే పోటు ఉన్న రోజు చూసుకుని ముందు మడ అడవికి, ఆ తర్వాత అఖాతానికి అడ్డంగా ఉన్న దీవికి వెళ్తారు. కాకినాడ నుంచి యానాం రోడ్డులో చొల్లంగి దాటితే కోరంగి అభయారణ్యం. 1978లో ఏర్పాటైన దీని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ధవళేశ్వరం దగ్గర చీలిన గోదావరిలోని గౌతమి పాయ నుంచి కోరంగి, గాడేరు వంటి చిన్న పాయలు విడివడి, ఈ అడవి గుండా కాకినాడ అఖాతంలో కలుస్తాయి.

పాయలోకి మళ్లగానే రెండు వైపులా బురదలోంచి పొడుచుకొచ్చిన వేళ్లు కనిపిస్తాయి. ఇవి మడ చెట్ల ఊపిరి గొట్టాలు. బురదలో గాలి ఆడదు కాబట్టి వేళ్లే పైకి వచ్చి గాలి పీల్చుకుంటాయి. తెల్ల మడ తాను పీల్చిన ఉప్పును ఆకుల మీదికి నెట్టేస్తుంది. ఎండ వేళ ఆకును తాకితే వేలికి ఉప్పు అంటుతుంది. ఉప్పు పొన్న గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, ఈటెలా కిందికి జారి బురదలో నాటుకుంటుంది. తిల్ల చెట్టు జోలికి మాత్రం ఎవరూ పోరు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

గట్టు మీద నీటి కుక్కలు గుంపుగా కనబడితే అదృష్టమే. బావురు పిల్లి రాత్రి తిరిగే జంతువు, పగలు దాని అడుగుల గుర్తులే దొరుకుతాయి. 2018 నాటి లెక్కలో ఇక్కడ 115 బావురు పిల్లులు ఉన్నట్టు తేలింది. పండుగప్ప, రొయ్య, మడ పీత పిల్లలు పెరిగేది ఈ వేళ్ల సందుల్లోనే. తీరంలోని వలలకు చిక్కే చేపల్లో చాలా వాటికి ఈ అడవే పురిటిల్లు.

కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. ఇక్కడి నుంచి తెలుగువాళ్లు కూలికీ వ్యాపారానికీ రంగూన్ వెళ్లారు. బర్మాలో తెలుగువాళ్లందరికీ ‘కోరంగీలు’ అనే పేరు పడింది ఈ రేవు వల్లనే. 1789 డిసెంబరులో వరుసగా మూడు ఉప్పెన కెరటాలు ఊరి మీద విరుచుకుపడ్డాయి. ఆ విపత్తు వివరాలను తర్వాత గ్రంథస్థం చేసిన కలకత్తా అధికారి హెన్రీ పిడింగ్టనే ‘సైక్లోన్’ అనే మాటను సృష్టించాడు. 1839 నవంబరులో మరో ఉప్పెన వచ్చింది. పైగా గోదావరి ఒండ్రుతో రేవు పూడుకుపోయింది. పెద్ద ఓడలు రావడం మానేశాయి, వ్యాపారం కాకినాడకు తరలింది.

ఆ కాకినాడకు అండగా నిలిచిందీ గోదావరి ఇసుకే. దీవికి వెళ్లే బోటు కాకినాడ జెట్టీ వదిలి అఖాతంలోకి రాగానే ఈ సంగతి తెలుస్తుంది. పేరుకు బంగాళాఖాతమే అయినా నీటిలో పెద్దగా కదలిక ఉండదు. దూరాన ఓడలు లంగరు వేసుకుని ఉంటాయి. బియ్యం బస్తాల బార్జీలు వాటి దగ్గరికి సాగుతుంటాయి. ఈ నెమ్మదికి కారణం తూర్పున అడ్డుగా పడుకున్న దాదాపు 16 కిలోమీటర్ల ఇసుక తిన్నె. అదే హోప్ ఐలాండ్.

దీని వయసు సుమారు రెండు వందల ఏళ్లే. వరదల్లో గోదావరి తెచ్చిన ఇసుకను, నైరుతి రుతుపవనాల కాలంలో వచ్చే అలలు తీరం వెంబడి ఉత్తరానికి నెడతాయి. అలా ఏటేటా పేరుకున్న ఇసుక వంకీ తిరిగి అఖాతాన్ని చుట్టుకుంది. ఉప్పెన కెరటాల ఉరవడి ముందు దీని మీద విరుగుతుంది కాబట్టి ఓడలకూ ఊరికీ కొంత రక్ష. దీవి మీద చిన్న మత్స్యకార పల్లె ఉంది.

బోటు దిగి ఇసుక దాటి తూర్పు ఒడ్డుకు నడిస్తే సముద్రం తీరే వేరు. అక్కడ అలల హోరు వినిపిస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఒడ్డుకొచ్చి, ఇసుకలో గొయ్యి తవ్వి ఒక్కొక్కటి వంద దాకా గుడ్లు పెడతాయి. దాదాపు రెండు నెలల్లో పిల్లలు బయటికొస్తాయి. ఆ రోజుల్లో అటవీశాఖ ఆంక్షలుంటాయి కనుక వెళ్లదలచినవారు ముందే అనుమతుల సంగతి కనుక్కోవాలి.

ఇన్నాళ్లూ దీవిని పెంచిన ఇసుక రాక ఇప్పుడు తగ్గుతోంది. గోదావరి మీద, దాని ఉపనదుల మీద కట్టిన జలాశయాలు ఒండ్రును ఎగువనే ఆపేస్తున్నాయి. డెల్టా అంచు కొన్నిచోట్ల కోతకు గురవుతోంది. దీవికి ఉత్తరాన ఉన్న ఉప్పాడలో తుపాను వచ్చినప్పుడల్లా బీచ్ రోడ్డు దెబ్బతింటోంది, ఇళ్లు కూలుతున్నాయి. ఇటు ఓడల దారి పూడకుండా డ్రెడ్జర్లు అఖాతంలో ఇసుక తోడుతుంటే, అటు ఉప్పాడ మత్స్యకారులు తమ గడపల ముందు ఇసుక నిలిచేలా గోడ కట్టమని అడుగుతున్నారు.