పట్టా చేతబట్టుకొని పరదేశానికి

విశాఖపట్నంలో కంచరపాలెం ఉపాధి కల్పనా కార్యాలయాన్ని ఎరుగని నిరుద్యోగి ఉండడు. ఆంగ్లంలో ఎం.ఏ., ఆపై బి.ఎడ్. ముగించి అక్కడ పేరు వ్రాయించుకొన్న యువకుని చూపు ఎప్పుడో ఒకప్పుడు సముద్రం వైపు మళ్ళడం సహజమే. పరదేశంలో ఆంగ్లం బోధించి బ్రతుకవచ్చునా అన్నది అతని ప్రశ్న.

సముద్రయానం ఈ తీరానికి కొత్త కాదు. ఒకనాడు ఇక్కడి కూలిజనం పొట్ట చేతబట్టుకొని రంగూను ఓడ ఎక్కినారు. ఉపాధ్యాయులకూ పూర్వులున్నారు. హైలీ సెలాసీ చక్రవర్తి కాలంలో ఇథియోపియా పాఠశాలలలో భారతీయ ఉపాధ్యాయులు పెద్దసంఖ్యలో పనిచేశారు.

నేటి ద్వారాలు మాత్రం అందరికీ ఒకే తీరున తెరచిలేవు. దక్షిణ కొరియా ఆంగ్లబోధకుల వీసాను ప్రధానంగా ఆంగ్లం మాట్లాడే ఏడు దేశాలవారికే ఇస్తున్నది. 2010 జనవరి 1న అమలుకు వచ్చిన భారత-కొరియా ఒప్పందం వల్ల, డిగ్రీతోపాటు ఉపాధ్యాయార్హత కల భారతీయులకు సహాయక బోధకులుగా వెళ్ళే వీలు కలిగింది. ఇంగ్లండు 2023 ఫిబ్రవరిలో మన ఉపాధ్యాయులకు దారి తెరచింది గాని, అది గణితం, విజ్ఞానశాస్త్రం, పరభాషలు బోధించేవారికి. ఆంగ్లం అందులో లేదు.

ఆంగ్లం తల్లిభాష కానివాడు దానిని ఏమి నేర్పగలడని కొందరి శంక. ఉగ్గుపాలతో వచ్చిన భాషలోని చిక్కులు వక్తకు కనబడవు. కష్టపడి నేర్చినవానికే అవి తెలుస్తాయి. కొరియా భాషలోనూ తెలుగులోవలెనే క్రియ వాక్యాంతంలో వస్తుంది; ఆంగ్లపు ఆర్టికిల్స్ వంటివి రెండింటిలోనూ లేవు. అక్కడి బాలుడు తడబడే చోటు మన ఉపాధ్యాయునికి పరిచితమే. హైదరాబాదులో 1958లో ఆంగ్లబోధనకై ప్రత్యేక కేంద్రసంస్థ వెలసింది. నేడది విశ్వవిద్యాలయం. అటువంటి చోట పొందిన శిక్షణ ఆ శంకకు తగిన సమాధానం.

అర్హత ఉన్నంత మాత్రాన చాలదు, జాగ్రత్త కావాలి. విదేశోద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు 1983 నాటి వలసల చట్టం క్రింద నమోదై ఉండాలి. అతడు తీసుకొనదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను, అంతకు మించరాదు. పర్యాటక వీసాపై పంపి, దిగిన తరువాత ఉద్యోగపు వీసాగా మార్పిస్తామనేవారిని నమ్మరాదు. కంప్యూటరు ఉద్యోగాలని ఆశపెట్టి మన యువకులను కంబోడియాలోని సైబరు మోసాల ముఠాలకు చేర్చిన ఏజెంట్లను విశాఖ పోలీసులు 2024 మే నెలలో అరెస్టు చేశారు. ఆ యువకులు పోగొట్టుకొన్నది సొమ్ము ఒక్కటే కాదు, స్వేచ్ఛ కూడా.

నాటి రంగూను కూలీలలో అనేకులు చదువలేని కాగితంపై వేలిముద్ర వేసినారు. ఉపాధ్యాయునికి అక్షరమే వృత్తి. విద్యార్థి వ్యాసాన్ని దిద్దేటప్పుడు చూపే శ్రద్ధతో జీతం, పనిగంటలు, బస, తిరుగు ప్రయాణం అన్న నాలుగు మాటలను ఒప్పందపత్రంలో వెదకి చూచుకొని, ఆ తరువాతనే సంతకం చేయాలి.