సముద్రం దాచిపెట్టిన ట్యాంకు

ఉద్దానం తీరంలో వేటకు వెళ్లే పెద్దలకు వల ఎక్కడ తగులుకుంటుందో కంఠతా తెలుసు. భావనపాడు నుంచి బారువ దాకా ఎవరినడిగినా చెబుతారు. ఒడ్డు మీది ఫలానా తాటిచెట్టూ, దూరాన కనిపించే మహేంద్రగిరి కొమ్మూ ఒకే వరసలోకి వస్తే అక్కడ వల వెయ్యకూడదంటారు. అడుగున బండరాయో, మునిగిన పడవో ఏదో ఒకటి ఉంటుంది. చిరిగిన వల అల్లుకుంటూ దాన్ని తిట్టుకుంటారే తప్ప, అదేమిటో చూద్దామని ఎవరూ దిగరు. దిగి మాత్రం ఏం చేస్తారు? తెల్లారితే మళ్లీ వేటకెళ్లాలి కదా!

ఇంగ్లండు దక్షిణ తీరాన, డెవాన్ ప్రాంతంలో, టార్‌క్రాస్ అని ఒక చిన్న ఊరుంది. అక్కడి జాలరులకూ అలాంటి చోటు ఒకటుండేది. ఒడ్డుకు ముప్పావు మైలు దూరం, 60 అడుగుల లోతు. 1970ల మొదట్లో ఆ సంగతి కెన్ స్మాల్ అనే ఆయన చెవిన పడింది. ఆయన చరిత్రకారుడు కాదు, పెద్ద ధనవంతుడూ కాదు. ఊళ్లో చిన్న అతిథిగృహం నడుపుకునే మనిషి. పొద్దున్నే ఒడ్డు వెంట నడుస్తూ అలలు తెచ్చిపడేసినవి ఏరుకోవడం ఆయనకు సరదా. ఆయనకు దొరికినవి గవ్వలు కావు. తూటాల గుండ్లు, సైనికుల చొక్కా గుండీలు. యుద్ధం జరగని ఒడ్డుకు తూటాలెక్కడివి? ఆ ప్రశ్న ఆయన్ను వదల్లేదు.

సముద్రంలోకి ఈతగాళ్లను దించితే, అడుగున ఉన్నది రాయి కాదు, అమెరికా సైన్యానికి చెందిన షెర్మన్ ట్యాంకు అని తేలింది. సుమారు 30 టన్నుల ఇనుము! 1974లో స్మాల్ దాన్ని అమెరికా ప్రభుత్వం దగ్గర 50 డాలర్లకు కొన్నాడు. అప్పటి లెక్కన మన రూపాయల్లో 400. కొనడం సులువే, ఒడ్డుకు లాగడానికే మరో పదేళ్లు పట్టింది. 1984 మే నెలలో ఆ ట్యాంకు నీళ్లలోంచి పైకి వచ్చింది.

అది మామూలు ట్యాంకు కాదు, నీళ్ల మీద తేలేలా తయారుచేసినది. చుట్టూ మందపాటి కాన్వాసు గుడ్డను గోడలా ఎత్తి నిలబెడతారు. వెనక పడవకున్నట్టే పంకాలుంటాయి. గుడ్డ గోడ నిలబడినంతసేపూ అది పడవ, పెద్ద అల ఒకటి గోడను కూల్చిందంటే ఇనుపముద్ద. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో ఒమాహా అనే చోట ఒక దళం ఇలాంటివి 29 నీళ్లలోకి దింపితే 27 మునిగిపోయాయి. టార్‌క్రాస్ దగ్గరిది మాత్రం యుద్ధం దాకా వెళ్లనేలేదు, శిక్షణలోనే మునిగింది.

ఏమిటా శిక్షణ? నార్మండీ దాడికి ముందు అమెరికా సైనికులు స్లాప్టన్ ఇసుక తీరంలో సాధన చేశారు. అందుకోసం 1943 చివర్లో చుట్టుపక్కల పల్లెల్లో సుమారు 3,000 మందిని ఇళ్లు ఖాళీ చేయించారు. 1944 ఏప్రిల్ 28 అర్ధరాత్రి దాటాక, సాధన కోసం సైనికులతో వస్తున్న ఓడల వరస మీద జర్మనీ వేగపడవలు విరుచుకుపడ్డాయి. రెండు ఓడలు మునిగాయి, ఒకటి దెబ్బతింది. చనిపోయినవారు 749 మంది అని లెక్క. అందులో మరీ బాధపెట్టే సంగతొకటుంది. చాలామంది ప్రాణరక్షణ పట్టీలను చంకల కింద కట్టుకోవాల్సింది, నడుముకు కట్టుకున్నారు. మూట బరువుకు పట్టీ వాళ్లను తలకిందులు చేసింది. కాపాడాల్సిందే ముంచింది. మిగిలినవారిలో ఎందరినో ఏప్రిల్ నెల చన్నీళ్లు తీసుకున్నాయి.

దాడి రహస్యం బయటపడకూడదని ఈ సంగతి ఎక్కడా మాట్లాడవద్దని బతికినవారిని ఆదేశించారు. యుద్ధం ముగిసింది. 1954లో అమెరికా సైన్యం ఆ తీరంలో రాతిస్తంభం నిలబెట్టింది. దాని మీద ఇళ్లూ పొలాలూ వదిలి వెళ్లిన ఊరివారికి కృతజ్ఞతలున్నాయి. చనిపోయినవారి ఊసు లేదు. ఈ మౌనమే స్మాల్‌ను కదిలించింది. ట్యాంకును ఒడ్డున నిలబెట్టాక, 1987లో అమెరికా తరఫున దాని పక్కన ఒక ఫలకం పెట్టారు. 40 ఏళ్లు బిడ్డ ఎలా పోయాడో సరిగా తెలియని కుటుంబాలకు అక్కడికొచ్చి నిలబడి ఏడ్చేందుకు చోటు దొరికింది. స్మాల్ 2004లో కన్నుమూశాడు.

యెహోషువ గ్రంథం 4వ అధ్యాయం మనకు కొత్త కాదు. యొర్దాను దాటిన ప్రజలు నది నడుమ నుంచి పన్నెండు రాళ్లు మోసుకొచ్చి ఒడ్డున నిలబెట్టారు. రేపు పిల్లలు వాటిని చూసి ఇవేమిటని అడగాలి, అప్పుడు పెద్దలు చెప్పాలి. నేనెప్పుడూ ఆ భాగంలో రాళ్లనే చూశాను. స్మాల్ కథ చదివాక పిల్లల ప్రశ్న వినపడింది. అడిగే పిల్లలున్నా చెప్పే పెద్దలు లేకపోతే ఆ రాళ్లెందుకు?

'ఖడ్గాలను నాగళ్లుగా మార్చాల్సిన విశ్వాసులం, ట్యాంకులకు రంగులు వేసే సరదా మనకెందుకు?' అని ఒక పెద్దాయన నన్నడిగారు. న్యాయమైన ప్రశ్నే. పాత యుద్ధ వాహనాలను బాగుచేయడం విదేశాల్లో చాలామందికి వ్యాపకం. అందులో ఆర్భాటం కోసం చేసేవారూ ఉంటారు, ట్యాంకు మీద కూర్చుని ఫొటోలు దిగడం తప్ప ఇంకేమీ పట్టనివారూ ఉంటారు. కానీ తుప్పు గీకుతూ కూర్చున్న మనిషికి యుద్ధం గొప్పగా కనిపిస్తుందని నేననుకోను. ఆ లోపలి ఇరుకులో ఐదుగురు కుర్రాళ్లు ఎలా కూర్చున్నారో అతనికి మోచేతులు గీసుకుని మరీ తెలుస్తుంది.

కెనడా అంటే మన టెక్కలి, సోంపేట విశ్వాసులకు బాప్టిస్టు మిషనరీల దేశం. అక్కడ ఒంటారియోలో లండన్ అనే ఊరుంది. ఆ ఊరి పార్కులో 1956 నుంచి ఒక షెర్మన్ ట్యాంకు నిలబడి ఉంది. నార్మండీలో దిగిన రోజు నుంచి యుద్ధం ముగిసేదాకా నిలిచిన బండి అది. పేరు 'హోలీ రోలర్'. ఆత్మావేశంతో కిందపడి దొర్లే విశ్వాసులను ఎగతాళి చేసే మాట అది, ఇనుప చక్రాల మీద దొర్లే బండికి సైనికులు సరదాగా పెట్టుకున్నారు కాబోలు. వానకూ మంచుకూ పుచ్చిపోతున్న దాన్ని 2021లో అక్కడి ఫాన్‌షా కళాశాలకు తరలించి, స్వచ్ఛందంగా వచ్చినవారు ఏడాదిపాటు బాగుచేసి, 2022 జూన్‌లో మళ్లీ పార్కుకు చేర్చారు.

ఈ పనిలో ఓపిక తప్ప మంత్రమేమీ లేదు. బిగుసుకుపోయిన బోల్టుకు నూనె పెట్టి రోజుల తరబడి ఆగాలి, కదలకపోతే మంటతో వేడిచేయాలి. తుప్పును మూలాల దాకా దులపకుండా పైన రంగు పూస్తే లోపల తినేస్తూనే ఉంటుంది. సముద్రంలోంచి తీసినదైతే చిక్కు ఇంకా ఎక్కువ. నీళ్లలో ఉన్నంతకాలం నెమ్మదిగా తినే ఉప్పు, గాలి తగిలాక తొందరపడుతుంది. ఇనుము పొరలు పొరలుగా లేస్తుంది. ఉప్పుగాలి సంగతి ఉద్దానం వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు, సైకిల్ గొలుసును అడిగితే చాలు.

మనకు దగ్గర్లో ఇలాంటిది చూడాలంటే విశాఖ వెళ్లాలి. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధకాలంలో సేవ చేసి, 2001లో విరమించిన కుర్సురా జలాంతర్గామిని ఆర్కే బీచ్ ఒడ్డుకు లాగి 2002లో ప్రజలకు చూపించడం మొదలుపెట్టారు. ఆ పక్కనే 1971 యుద్ధ స్మారకం దగ్గర ట్యాంకు కూడా ఉంది. పలాసలో పొద్దున్న రైలెక్కితే చూసి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు.

మా అమ్మాయిని తీసుకెళ్లాను. ట్యాంకు చుట్టూ రెండుసార్లు తిరిగి, "నాన్నా, పెద్దతాత ఇలాంటిదే నడిపారా?" అంది.

మా పెదనాన్న సైన్యంలో డ్రైవరు. 1971లో తూర్పు సరిహద్దుకు వెళ్లారని తెలుసు. అంతకుమించి ఏమీ తెలీదు, ఎందుకంటే ఎప్పుడూ అడగలేదు. ఆయన పోయాక ఇల్లు సర్దింది నేనే. ఆకుపచ్చ రంగు ఇనుప పెట్టె, దాని మీద తెల్లరంగుతో పేరూ నంబరూ. లోపల చిరిగిన కాగితాలు, కొన్ని గుండీలు, ఒక అల్యూమినియం పళ్లెం. కాశీబుగ్గలో పాత ఇనుప సామాన్ల కొట్టుకు తూకానికి వేసేశాను. కాగితాలు ఏం చేశానో గుర్తులేదు. 50 డాలర్లు పెట్టి తనది కాని ఇనుమును కొన్నవాడి కథ నేను మీకు చెబుతున్నాను. మా ఇంటి ఇనుమును నేను అమ్ముకున్నాను.

విశాఖ నుంచి వచ్చిన వారం టెక్కలి దగ్గర పల్లెలో ఉంటున్న పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. ఎలా అడగాలో తెలియక చాలాసేపు కొబ్బరికాయల ధర గురించి మాట్లాడాను. చివరికి చెప్పేశాను. ఆమె కోప్పడలేదు. లోపలికి వెళ్లి, చీరల అడుగు నుంచి ఏదో తీసి నా చేతిలో పెట్టింది.

"పెట్టి అమ్మీసినావు గానీ బావూ, దాని తాళంకప్ప నాకాడే ఉండిపోనాది" అంది.

చెవి అందులోనే ఇరుక్కుని ఉంది, తుప్పు పట్టి కదలడం లేదు. ఇంటికి తెచ్చి కొబ్బరినూనెలో నానబెట్టాను. రోజూ ఒకసారి తీసి, అమ్మాయీ నేనూ పాత గుడ్డతో తుడిచి మళ్లీ వేసేవాళ్లం. మూడోనాటి సాయంత్రం చెవి తిరిగింది. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరం టెక్కలి బస్సెక్కుతాం. అడగాల్సినవి అమ్మాయి నోటుపుస్తకంలో రాసుకుంది. మొదటి ప్రశ్న, పెద్దతాత ఏ బండి నడిపేవారని.