కోటా? గోడా?

తమిళనాడులో పాంచాలంకురిచ్చి చుట్టుపక్కల, కోవిల్పట్టి నుంచి విరుదునగర్ దాకా, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదువుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తెలుగు మాటను కాగితం మీద పెట్టాల్సి వస్తే వాళ్లలో చాలామందికి చేతికి వచ్చేది తమిళ లిపే. ఆ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ట, ఠ, డ, ఢలకూ అంతే. అక్షరానికి అక్షరం పెట్టుకుంటూ పోతే ‘కోట’, ‘గోడ’ రెండూ ఒకే మాట అయిపోతాయి. రాసింది పాంచాలంకురిచ్చిని ఏలిన కట్టబొమ్మన కోట గురించో, పెరటి గోడ గురించో చదివేవాళ్ల జ్ఞాపకమే తేల్చాలి. కంప్యూటర్‌కు ఆ జ్ఞాపకం ఉండదు. అది అక్షరాలను అంకెలుగా దాస్తుంది; ఏ అంకె ఏ అక్షరమో చెప్పే పట్టిక మారితే మాటే మారిపోతుంది. అందుకే దాచుకున్న పత్రాన్ని మళ్లీ తెరిచినప్పుడు పిచ్చి గుర్తులు కనిపిస్తే ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: పొరపాటు చదవడంలో జరిగిందా, దాచేటప్పుడే జరిగిందా?

దీనికి సాక్ష్యం తెర మీద దొరకదు, ఫైలులోని బైట్లలో దొరుకుతుంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు ‘అ’ అంటే మూడు బైట్లు: 224, 176, 133. ప్రోగ్రాము వీటిని పడమటి భాషల పాత విండోస్ పట్టికతో చదివితే నెత్తిన గీత ఉన్న ఇంగ్లిషు ‘ఎ’, డిగ్రీ గుర్తు, మూడు చుక్కలు వస్తాయి. చూడ్డానికి భయంగా ఉన్నా ఫైలు క్షేమం. సరైన పట్టిక చూపిస్తే ‘అ’ తిరిగి వస్తుంది. అదే చోట 63 అనే అంకె వరసగా కనిపిస్తే అది ప్రశ్నార్థకం. తెలుగు అక్షరాలకు చోటే లేని పట్టికతో సేవ్ చేశారన్నమాట. ఆ ఫైలులోంచి అసలు మాటను ఎవరూ వెనక్కి తేలేరు. ఈ రెంటికీ మధ్య ఇంకొకటి ఉంది. తప్పుగా చదివినదాన్నే మళ్లీ యూటీఎఫ్-8లో సేవ్ చేస్తే ఆ మూడు బైట్లు ఏడవుతాయి. వెనక్కి తిప్పవచ్చు గానీ తెలుగుకు ఒక ఇబ్బంది ఉంది. వత్తులను కూర్చే గుర్తయిన మన పొల్లు 224, 177, 141. ఆ పాత పట్టికలో 141కి ఏ అక్షరమూ కేటాయించలేదు. కొన్ని ప్రోగ్రాములు దాన్ని అక్కడే జారవిడుస్తాయి. అచ్చులు, హల్లులు చాలావరకు తిరిగొచ్చినా వత్తులు చెదిరిపోతాయి.

తమిళ ‘అ’ బైట్లు 224, 174, 133. తెలుగు ‘అ’కూ దానికీ నడిమి బైటే తేడా. బ్రాహ్మీ నుంచి పుట్టిన ప్రధాన భారతీయ లిపులకు ఒకే వరస వేసిన ఇస్కీ ప్రమాణాన్ని, యూటీఎఫ్-8 వెనకున్న యూనికోడ్ పట్టిక అనుసరించడం వల్ల ఇది జరిగింది. ఖ, గ, ఘ ఉండాల్సిన మూడు గదులు తమిళ పట్టికలో ఖాళీగానే ఉన్నాయి. కోవిల్పట్టి కాగితం మీద కలిసిపోయిన అక్షరాల జాగా అదే.

ఏ పట్టికో ప్రోగ్రామే ఊహించుకోవచ్చు కదా అని అడగవచ్చు. విండోస్ ఎక్స్‌పీ కాలంలో నోట్‌ప్యాడ్ అలాగే ఊహించింది. కొన్ని పొట్టి ఇంగ్లిషు వాక్యాలను చైనా అక్షరాలుగా చూపించింది. యూనికోడ్ వచ్చాక ఈ గొడవ తీరిపోయిందనేవాళ్లూ ఉన్నారు. కొంతవరకు నిజమే. 2019 నుంచి విండోస్ 10 నోట్‌ప్యాడ్, 2022లో వచ్చిన జావా 18 యూటీఎఫ్-8నే మామూలు పద్ధతిగా తీసుకున్నాయి. అయితే అంతకుముందు ప్రెస్సుల్లో డీటీపీ చేసిన తెలుగు ఫైళ్లలో చాలావాటిలో ఉన్నవి అక్షరాల సంకేతాలు కావు, ఫాంటులోని తలకట్ల, కొమ్ముల ముక్కలు. ఆ ఫాంటు లేకపోతే అవి ఇంగ్లిషు అక్షరాల కుప్పలా కనిపిస్తాయి. అవి ఇంకా ఎన్నో హార్డ్‌డిస్కుల్లో ఉన్నాయి.

ప్రోగ్రాము రాసేవాళ్లు రాయడానికీ చదవడానికీ పద్ధతి పేరును విడమరిచి చెప్పాలి. సిస్టమ్ ఇష్టానికి వదిలితే ఒక యంత్రంలో పనిచేసింది పక్క యంత్రంలో చెడుతుంది. పరీక్షించేటప్పుడు ‘అ’ ఒక్కటి సరిపోదు. వత్తులున్న తెలుగు మాటను సేవ్ చేసి, తిరిగి చదివి, బైటుకు బైటు పోల్చి చూడాలి. ఇక మీ పాత పత్రం ఏదైనా పిచ్చి గుర్తులతో తెరుచుకుంటే దయచేసి సేవ్ నొక్కకండి. మూసేసి, ఫైలుకు ఒక నకలు తీసి, ఆ నకలు మీదే పని మొదలుపెట్టండి.