ఫోన్‌లో టెక్స్ట్ ఫైల్స్ కలపాలా? ‘క్యాట్’ చాలు

ముప్పై నోట్స్ ఫైల్స్‌ని ఒక్కటి చేయడానికి యాడ్స్ నిండిన యాప్ ఎందుకు బాస్? టెర్మక్స్‌లో ‘క్యాట్’ ఉందిగా! 1971 నాటి తొలి యూనిక్స్ నుంచీ ఉన్న కమాండ్ ఇది. పిల్లికేం సంబంధం లేదు, ‘కన్‌క్యాటినేట్’లో ముక్క.

క్యాట్ అని కొట్టి, ఫైల్ పేర్లు వరుసగా ఇచ్చి, > గుర్తు పెట్టి, కొత్త ఫైల్ పేరు రాస్తే పనైపోతుంది.

అసలు డేంజర్ ఆ గుర్తుతోనే. దాని తర్వాత పొరపాటున పాత ఫైల్ పేరు ఇచ్చారా, క్యాట్ మొదలవకముందే షెల్ దాన్ని ఖాళీ చేసేస్తుంది. అన్‌డూ లేదు, రీసైకిల్ బిన్ లేదు. అందుకే నేను ముందుగా ‘సెట్ మైనస్ క్యాపిటల్ సి’ కొడతా. అప్పుడు ఉన్న ఫైల్ మీద > పనిచేయదు, ఎర్రర్ చూపిస్తుంది.

ఇంకోటి, పేర్ల బదులు స్టార్ వాడితే 10వ ఫైల్ 2 కంటే ముందొస్తుంది. 02 అని పేరు మార్చేయండి.