కృత్రిమపాదముతో నడక: నిలుకడను కొలుచు పరికరములు

లాకు వద్ద నీటిమట్టమును లస్కరు కంటితో ఊహింపడు. కొలబద్దను చూచి చెప్పును. కాలు కోల్పోయి కృత్రిమపాదము ధరించినవాని నడకకును ఇట్టి కొలత యవసరము. బాగుగనే నడచుచున్నాడని మనము తలచుచుండగనే అతడు జారిపడవచ్చును. కెనడాలో 435 మందిని విచారించి 2001లో ప్రకటించిన పరిశోధనలో, సగముకంటె ఎక్కువమంది ఒక్క సంవత్సరములో ఒకసారియైనను పడినట్లు తేలినది. పడినవాడు భయమున ఇల్లు కదలడు. పనియు, సంపాదనయు పోవును.

1968లో జైపూరులో వైద్యుడు పి. కె. సేథీ, శిల్పి రామచంద్రశర్మ రూపొందించిన రబ్బరు పాదము, చెప్పులు లేకుండ నడచుటకును తడినేలపై పనిచేయుటకును అనువైనది. అట్టి పాదముతో నర్తకి సుధా చంద్రన్ తిరిగి నాట్యమాడిన కథ, ఆమె స్వయముగా నటించిన 'మయూరి' చిత్రము ద్వారా 1985లో తెలుగువారికి తెలిసినది. కాని రంగస్థలము చదునైనది. మన డెల్టాలోని చేనిగట్టు ఇరుకు, వానకాలమున జారుడు. ఆస్పత్రి గచ్చుపై నిలిచిన అడుగు గట్టుపై నిలుచునా?

ఈ సంగతిని తెలుపునవే ఒంటిపై ధరించు సెన్సర్లు. అగ్గిపెట్టెయంత పరికరమును నడుమునకు, పిక్కకు పట్టీతో కట్టుదురు. అందులోని ఒక భాగము కదలిక వేగములో కలుగు మార్పును, మరియొకటి శరీరము తిరుగు వేగమును సెకండునకు అనేక పర్యాయములు నమోదు చేయును. మొబైల్ ఫోనును అడ్డముగ త్రిప్పగనే తెరపై బొమ్మయు తిరుగుట ఇట్టి దానివలననే. ఏ కాలిపై ఎంతసేపు నిలుచుచున్నాడు, అడుగునకు అడుగునకు తేడా యెంత, మలుపులో నడుము ఎంత ఊగుచున్నది అను విషయములు తెలియును. దీనిని ధరించి ఇంటికి పోవచ్చును గనుక, నిత్యము నడచు దారిలోని నడకయే నమోదగును. పరికరము పడకుండ ఆపదు, లోపమును చూపును. దానినిబట్టి నిపుణుడు పాదమును సరిచేయును, వ్యాయామము నేర్పును.

ఈ పద్ధతి నేటికిని ముఖ్యముగా పరిశోధనాలయములలో, పెద్ద పునరావాస కేంద్రములలో నున్నది. గడియారముతో చేయు సులభ పరీక్షయు కలదు: కుర్చీనుండి లేచి, 3 మీటర్లు నడచి, వెనుదిరిగి వచ్చి కూర్చుండవలెను. మోకాలి క్రింద కాలు తీసివేయబడినవారిలో, ఇందుకు 19 సెకండ్లు లేక అంతకు మించి పట్టినవారు పలుమార్లు పడు అవకాశము హెచ్చని 2007 నాటి పరిశోధన తెల్పినది. ఆరోగ్య సిబ్బంది ప్రక్కన నిలిచి ఈ పరీక్ష చేయింపవలెను.

పంచాయతీ సభ్యులు తమ గ్రామములో కృత్రిమపాదము ధరించినవారిని అప్పుడప్పుడు పలుకరించి, ఎన్నిమార్లు పడిరో అడుగవలెను. మొండికాలు సన్నబడి తొడుగు వదులైనను, పుండు పడినను జాప్యము చేయక ఆస్పత్రికి పంపవలెను. వారు నడచు దారిలోని గుంటలు పూడ్పించి, పంటబోదెపై తాటిదూలమునకు చేపట్టు కట్టింపవలెను. పాదమునిచ్చుటతో మన బాధ్యత తీరదు. ఆ పాదము నేలపై నిలుచునట్లు చూచినపుడే అది తీరును.